తప్పులు చెప్పే పిన్ని

ఆఫీసులో ఆమెను అందరూ పిన్ని అనేవారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన యజమాని కూడా పిన్నీ అనే పిలిచేవాడు. చెప్పుల దుకాణం పైన రెండు గదులు, ఒక బల్ల, తలుపు సరిగా మూతపడని బీరువా. అదీ ఆఫీసు. బోర్డు మీద "వాకబు చేయబడును" అని మాత్రమే రాయించాడు యజమాని. ఇంకొక్క మాట ఎక్కువ రాసినా మెట్లెక్కేవాళ్లు సిగ్గుపడి వెనక్కి పోతారని ఆయన నమ్మకం. భర్తల మీద అనుమానంతో భార్యలు వచ్చేవారు, భార్యల మీద అనుమానంతో భర్తలు వచ్చేవారు. ఒక్కోసారి ఒకే ఇంటి నుంచి ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చేవారు. ఎవరి సంగతి వారికే చెప్పి పంపేవారు.

పిన్నికి నలభై ఆరేళ్లు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఎక్కడో చూసినట్టే ఉండి, ఎక్కడ చూశామో గుర్తురాని ముఖం ఆమెది. ఈ పనికి అంతకంటే పెట్టుబడి అక్కర్లేదనేవాడు యజమాని.

ఆమె పని చేసే తీరు వేరు. ఎవరినీ ప్రశ్న అడిగేది కాదు. అడిగితే మనిషి నత్తలా లోపలికి ముడుచుకుంటాడు. అందుకని ఆమె తప్పు చెప్పేది. అపార్టుమెంటు గేటు దగ్గర సంచి దించి, చెమట తుడుచుకుంటూ, మూడో అంతస్తు ఆయన కొత్త కారు కొన్నాడట కదా అనేది. కారా, ఆయనా, ఆయన ఇల్లు వదిలిపోయి నెల్లాళ్లయిందమ్మా అనేవాడు వాచ్‌మన్. ఎక్కడికి పోయాడో, ఎవరితో పోయాడో కూడా అతనే చెప్పేవాడు. సాయం చేయమంటే చేయనివాళ్లు లోకంలో ఉన్నారు గానీ, తప్పు విని సరిదిద్దకుండా ఊరుకోగలవాడు మాత్రం ఆమెకు ఇరవై ఏళ్లలో ఒక్కడూ తగల్లేదు.

మొదట్లో ఒక్కో కాపురం కూలినప్పుడు ఇంటికెళ్లి ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. ఆ తర్వాత, ఏడవడం మానేశానన్న సంగతి కూడా మరిచిపోయింది.

ఇంట్లో ఆమె, చెల్లెలు, అంతే. అమ్మ మంచం పట్టినప్పుడు బడి మానేసి చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. ఆ చెల్లెలిప్పుడు సినిమాలకు డబ్బింగు చెబుతుంది. ఎనిమిదేళ్లుగా ఒకే హీరోయిన్‌కి. ఆ గొంతంటే జనానికి ప్రాణం. అది ఆ హీరోయిన్ సొంత గొంతని జనం నమ్మకం. ఆమె నలుగురిలో నోరు విప్పేది కాదు, షూటింగులో పెదవులు కదిలించేది, అంతే. కాదని తెలిసినవాళ్లు పదిమంది ఉంటారేమో. ఆ గొంతు ఎవరిదో తెలిసినవాళ్లు ముగ్గురే. ఎవరికీ చెప్పనని చెల్లెలు స్టూడియోకి కాగితం రాసిచ్చింది. వెనక మెట్ల మీదుగా వెళ్లి, వెనక మెట్ల మీదుగా వచ్చేది. హీరోయిన్‌ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు.

గొంతు అరిగిపోతుందని చెల్లెలు ఇంట్లో మాట్లాడేది కాదు. గ్లాసు బోర్లిస్తే తినడం అయిందని. తలుపు రెండుసార్లు తడితే పడుకుంటున్నానని. ఉప్పు వేసిన వేడినీళ్లు పుక్కిలించే చప్పుడొక్కటే ఆ ఇంట్లో గట్టిగా వినిపించేది. ఊరందరూ వినే గొంతు అక్కకు మాత్రం వినబడేది కాదు. పిన్నికి అదీ అలవాటైపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ హీరోయిన్ మేనేజరు చెప్పుల దుకాణం పక్కనుంచి మెట్లెక్కి వచ్చాడు. నల్లకళ్లద్దాలు తీయకుండానే కూర్చుని ఫోను బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్న వీడియో అప్పటికే ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది. షూటింగులో ఒక లైట్‌మన్ ఎత్తు మీంచి జారిపడి చనిపోయాడు. అతన్ని మోసుకుపోతుండగా దూరం నుంచి ఎవరో తీసింది అది. గొడుగు కింద హీరోయిన్. పెదవులు కదిలాయి. "ఒకడు పడితే అందరూ ఆగిపోవాలా? ఇంకొకణ్ణి ఎక్కించండి. నా మేకప్ కారిపోతోంది."

ఆ మాటలకి లైట్‌మన్లందరూ పని ఆపేశారు. సినిమా నిలిచిపోయింది. హాళ్ల ముందు ఆమె బొమ్మలు చించేశారు.

ఇది మేడమ్ గొంతు కాదన్నాడు మేనేజరు. కాదని పైకి చెప్పలేమనీ అన్నాడు. చెప్పాలంటే మేడమ్ నోరు తెరిచి మాట్లాడాలి. మాట్లాడితే ఎనిమిదేళ్ల గుట్టు రట్టవుతుంది. ఆ డబ్బింగు మనిషి ఎవరో స్టూడియోవాళ్లు చెప్పడం లేదు. ఆమెను పట్టుకుంటే చాలు, మిగతాది తను చూసుకుంటాడు. మేడమ్ గొంతును అనుకరించి ఈ పాపం చేశానని ఆమె చేత కాగితం మీద సంతకం పెట్టించి, పత్రికలవాళ్ల ముందు నిలబెడతాడు.

అంటే తన గొంతును తనే దొంగిలించానని ఆ మనిషి ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏ స్టూడియో గడపా ఆమెను తొక్కనివ్వదు.

పిన్నికి వీడియోలో రెండో మాటకే తెలిసిపోయింది. 'పడితే' అనే ముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చిన చప్పుడుంది. మూడేళ్ల వయసులో జలుబు చేసి పట్టుకున్న అలవాటది. ఎన్నోసార్లు ఆ ముక్కు తుడిచింది తనే.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. ఇరవై ఏళ్లుగా మారనిది ఇవాళ కొత్తగా మారుతుందా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఈ వాకబు వేరేవాళ్లకు అప్పగించమని ఆమె చెప్పొచ్చు. అప్పుడు వేరేవాళ్లు కనిపెడతారు. అందుకని, నేను చూస్తానండీ అంది.

మర్నాడు లైట్‌మన్లు కూర్చునే రేకుల షెడ్డుకి వెళ్లింది. చుట్టలు చుట్టిన కేబుళ్ల మధ్య పదిమంది పేకాడుతున్నారు, నలుగురు నిద్రపోతున్నారు. ఓ మూల చనిపోయినవాడి తమ్ముడు గుడ్డముక్కతో ఒక లైటు అద్దాన్ని తుడుస్తున్నాడు. పని ఆపేసి పదిరోజులైంది, అయినా తుడుస్తున్నాడు. పిన్ని పక్కనే పెట్టె మీద కూలబడి, ఈ సినిమావాళ్లు ఎంతకైనా తెగిస్తారు, పాపం ఆ పిల్ల ఆ మాట అననే లేదట, ఎవరో కిట్టనివాళ్లు పుట్టించారట అంది.

అతను గుడ్డ కింద పెట్టాడు. "పుట్టించారా? నా ఫోన్లోనే ఉందమ్మా. తీసింది నేనే."

అసలు వీడియో చూపించాడు. అదే గొడుగు, అవే పెదవులు, అవే మాటలు. గొంతు మాత్రం వేరు. ఖాళీ డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. అతను దాన్ని పట్టుకుని లైట్‌మన్ల సంఘం పెద్దల దగ్గరికెళ్లాడు, పత్రికలవాళ్ల దగ్గరికెళ్లాడు. అందరూ నవ్వారు. ఆవిడ గొంతు మాకు తెలీదా, ఎవరిదో అతికించి తెచ్చావు అన్నారు. అన్న చచ్చిపోయి ఏడుస్తున్నవాణ్ణి అబద్ధాలకోరును చేసి పంపించారు.

"తరవాత?" అనబోయి పిన్ని ఊరుకుంది. అడగడం ఆమె పద్ధతి కాదు. అడగాల్సిన పనీ లేకపోయింది. ఆ గొంతుతో చెబితేనే జనం నమ్ముతారని స్టూడియోలో ఎవరో జాలిపడి ఇతనికి దారి చెప్పి ఉంటారు. ఇతను వెళ్లి వెనక మెట్ల దగ్గర చెల్లెలి కోసం నిలబడి ఉంటాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లెలు కిటికీ దగ్గర వేడినీళ్ల గ్లాసుతో కూర్చుని ఉంది. పిన్ని సంచి తగిలించి, తలుపు గొళ్లెం వేసి, మళ్లీ ఓసారి చూసింది. ఆ వీడియోకి గొంతిచ్చినామెకి హీరోయిన్ అంటే కుళ్లట, పేరు తనకు రాలేదని ఏడుపట, అంది గోడ వైపు చూస్తూ.

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది.

"నా దగ్గర ఆ వేషాలెయ్యకక్కా. నీ చేతిలో పెరిగినదాన్ని." చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన మాట అది. "కుళ్లు లేదు, ఏం లేదు. ఆవిడ అన్నదే అన్నాను. ఒక్కక్షరం కలపలేదు, ఒక్కక్షరం తియ్యలేదు. ఎనిమిదేళ్లుగా చేసే పనేగా."

"ఎవరు పంపారో తెలుసా నన్ను?"

"గొళ్లెం రెండుసార్లు చూశావు. ఇంకెవరు పంపుతారు?" గ్లాసులో నీళ్లు కిటికీలోంచి పారబోసి అడిగింది. "నా పేరు రాసిస్తావా?"

"తెలీదే."

నిజంగానే తెలీదు. పిన్ని లోపల వెతికింది. కోపం ఉందేమో, భయం ఉందేమో అని. సామాను తీసేసిన గదిలో దీపం పట్టుకుని తిరిగినట్టుంది. చెల్లెలు గ్లాసు బోర్లించి లేచి వెళ్లింది. తినకుండానే బోర్లించింది.

రెండు రోజుల తర్వాత, మేడమ్‌ని ఓసారి చూడాలని మేనేజరుకి కబురు చేసింది పిన్ని. అనుకరించిన గొంతును పట్టుకోవాలంటే అసలు మనిషిని చూడాలి కదండీ అంది. అతనికి సబబుగానే తోచింది.

హీరోయిన్ పెద్ద గదిలో ఒక మూల సోఫాలో ముడుచుకుని ఉంది. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుంది. తెర మీద ఉన్నంత పొడవు లేదు, కళ్ల కింద నల్లగా ఉంది. ఆమె తరఫున అన్నీ మేనేజరే మాట్లాడాడు. ఆమె తలూపింది. ఎనిమిదేళ్లుగా తలూపి తలూపి మెడ అందులో ఆరితేరినట్టుంది.

పిన్ని చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మేనేజరుతోనే అంది. జనం నోటికి హద్దుందా అండీ, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా వీధిలో అయితే, పదిమంది చచ్చినా పరవాలేదు, ఇంకో పదిమందిని ఎక్కించమన్నారట మేడమ్ అని చెప్పుకుంటున్నారు.

"పదిమందిని అనలేదు." గులకరాళ్లు గలగలమన్నాయి. "ఒకణ్ణే అన్నాను."

మేనేజరు తేలు కుట్టిన దొంగలా తలుపు వైపు చూశాడు. హీరోయిన్ ఉన్ని గుడ్డను నోటి దాకా లాక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నందుకో, దొరికిపోయినందుకో ఆమెకే తెలియాలి. ఆ రోజు ఎండ బాగా ఉందని, తనకేమైందో తనకే తెలీలేదని గొణిగింది. పిన్ని ఆ ముఖం వైపు చూసింది, జాలి వస్తుందేమోనని. అదీ రాలేదు.

"ఆ గొంతు మనిషిని పట్టుకొచ్చి నిలబెడితే, ఈ గొంతు కూడా బయటికొస్తుందండీ," అంది మేనేజరుతో. "అసలు వీడియో ఉంది. నేను చూశాను. ఇవాళ నమ్మనివాళ్లు, ఆ మనిషి పత్రికలవాళ్ల ముందు మేడమ్ గొంతుతో మాట్లాడాక నమ్ముతారు. అప్పుడు మాటా పోతుంది, గొంతూ పోతుంది."

"మరేం చెయ్యమంటారు?"

"క్షమాపణ చెప్పించండి. ఆ గొంతుతోనే. దాన్నయితేనే నమ్ముతారు."

అతను నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లు చిన్నవి, అలసిపోయినవి. ఇక వాకబు అక్కర్లేదన్నాడు.

పిన్ని రిపోర్టులో ఒక్క వాక్యం రాసింది: గొంతు ఎవరిదో తేలలేదు. యజమాని దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇరవై ఏళ్లలో నీకు తేలనిది ఇదొక్కటే, పిన్నీ."

"అవునండీ."

"మీ చెల్లెలు బాగుందా?"

"బాగుందండీ."

ఆయన కాగితాన్ని మూతపడని బీరువాలో పెట్టి, దాని తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

క్షమాపణ వీడియో తీశారు. తెల్లటి గోడ, పల్చటి మేకప్. మేనేజరు రాయించిన మాటలకు పెదవులు కదిలించింది హీరోయిన్. స్టూడియో నుంచి ఎప్పట్లాగే చెల్లెలికి ఫోను వచ్చింది, ఎప్పట్లాగే వెనక మెట్లెక్కింది. కాగితం మీద 'ఆ సోదరుడు' అని ఉంది. చనిపోయినవాడి పేరు ఎక్కడా లేదు. చెల్లెలు ఆ వాక్యం దగ్గర మూడుసార్లు ఆగిపోయిందట. నాలుగోసారి 'సోదరుడు' అని పెదవులు కదిలిన చోట అతని పేరు పెట్టింది. అతని పేరూ నాలుగక్షరాలే. కొసదాకా పెదవులకు అతికినట్టు సరిపోయింది. సౌండు చూసే ఆయన అద్దం అవతల తలెత్తి చూసి, మళ్లీ దించుకుని, బాగుంది, తరవాతది చెప్పమ్మా అన్నాడట. మేనేజరు విన్నది విడుదలయ్యాకే. అప్పటికే జనం మెచ్చుకుంటున్నారు, అతనూ మెచ్చుకున్నాడు.

ఆ మర్నాడు లైట్‌మన్లు పనిలోకి వెళ్లారు. ఈ క్షమాపణ నీకు చాలునా అని ఎవరో అడిగితే, పేరయితే చెప్పింది అన్నాడట తమ్ముడు.

రెండు రోజులకు పిన్ని బస్సులో వస్తోంది. ఎవరో గుమాస్తా మీద వాకబు చేసి వస్తోంది. పక్కసీటావిడ ఫోనులో ఆ వీడియో చూస్తూ కళ్లు ఒత్తుకుంటోంది. ఫోను పిన్ని వైపు తిప్పింది.

"చూడండమ్మా, ఆ పేరు చెప్పేటప్పుడు గొంతెలా వణికిందో. మేమంతా ఎన్నెన్ని మాటలన్నాం పాపం. ఎంత మంచిది కాకపోతే అలా వణుకుతుంది! నటన కాదండీ అది. సొంత గొంతు కాబట్టి తెలిసిపోతోంది."

పిన్ని విన్నది. పేరుకు ముందు ముక్కుతో పీల్చిన గాలి చప్పుడు విన్నది. తప్పు అక్కడ, కళ్ల ముందే ఉంది. సరిదిద్దాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అవతలావిడ ఆమె ముఖంలోకి చూస్తోంది, ఏదో ఒకటి అనకపోతుందా అని.

"అవునమ్మా," అంది పిన్ని.

ఏడుపు వస్తుందేమోనని కిటికీలోంచి చూస్తూ కాసేపు కూర్చుంది. రాలేదు. ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది.