చీమ సిస్టరు నడుము

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె చీమ సిస్టరే. కీళ్ల ఇంజెక్షన్లు ఇచ్చే గదిలో ముప్పై ఏళ్లు పనిచేసింది. మోకాలికైనా భుజానికైనా నడుముకైనా, సూదిని చూసి కొయ్యబారిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని, "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనేది. రోజుకు పదిమందితో అదే మాట. ఆ పేరు రాక ఏమవుతుంది?

రిటైరైన ఏడో ఏడు ఆమె నడుము మొరాయించింది. మంచం మీది మనుషుల్ని బల్ల మీదికి, బల్ల మీదివాళ్లను చక్రాల కుర్చీలోకి ఎత్తి దించిన నడుమది. కూర్చుంటే లేవలేకపోయేది, లేస్తే కుడికాలు తుంటి నుంచి మడమదాకా కరెంటు పాకినట్టు జివ్వుమనేది. రెండు నెలలు మాత్రలు, వ్యాయామాలు, బెల్టు అన్నీ అయ్యాక, కూతురు ఆమెను పాత ఆసుపత్రికే తీసుకెళ్లింది.

"నరం దగ్గర స్టెరాయిడు ఇద్దామండీ" అన్నాడు డాక్టరు. మిగతాది ఆమే పూర్తిచేసింది. "వాపు తగ్గుతుంది. అరిగిన ఎముక మాత్రం కొత్తది కాదు. కొందరికి నెలలు పనిచేస్తుంది, కొందరికి వారాలు, కొందరికి అసలు పనిచెయ్యదు. అంతే కదా?"

"మీకు నేను చెప్పేదేముందిలెండి" అని నవ్వాడతను.

గది కొత్తది. తెల్లటి గోడలు, తలమీద వంపు తిరిగిన ఎక్స్‌రే యంత్రం, పక్కన టీవీలా తెర. పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకున్న ఆమెకు పాత గది కళ్లకు కట్టింది. ఆకుపచ్చ పరదాలు, స్టవ్వు మీద స్టీలు గిన్నెలో గలగలమంటూ మరిగే గాజు సిరంజిలు, స్పిరిటు వాసన. అప్పట్లో ఈ యంత్రాలెక్కడివి? పెద్ద డాక్టరుగారు బొటనవేలితో తడుముకుంటూ వెళ్లి, ఎముకల సందు తగలగానే, "దొరికావా దొంగా!" అనేవారు. పడుకున్నవాళ్లు కూడా నొప్పి మరిచిపోయి ఫక్కున నవ్వేవాళ్లు.

"నొప్పే ఉండదు ఆంటీ" అంది తల దగ్గర నిలబడ్డ నర్సు పిల్ల.

మొదటి సూది మండింది. రెండోది లోపలికి దిగి మందు ఎక్కుతుంటే, నడుములో ఎవరో పిడికిలి బిగించి నొక్కినట్టయింది. ఆ నొక్కుడు కాలి చిటికెనవేలిదాకా పాకింది. ఆమె నోట్లోంచి "అమ్మో!" అన్న కేక తన ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

ఆ కేకతోపాటే ఇళ్లకు రంగులేసే మేస్త్రి ఒకాయన గుర్తొచ్చాడు. భుజం పట్టేసి వచ్చాడు. ఇంజెక్షనయ్యాక కళ్లు తుడుచుకుని, ఏమాత్రం కోపం లేకుండా అన్నాడు: "చీమన్నారు కదమ్మా, నేను చీమకే సిద్ధపడ్డాను. ఏనుగని ముందే చెప్పుంటే ఏనుక్కే సిద్ధపడేవాణ్ణి." ఆ రోజు గదిలో అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు బోర్లా పడుకున్న ఆమెకు, ఆ నవ్వు తలుచుకుంటే ముఖం వేడెక్కింది.

రెండు రోజులు బుగ్గలు ఎర్రబడి, నిద్ర సరిగా పట్టలేదు. ఇది మందు గుణమేనని ఆమెకు తెలుసు. నాలుగో రోజు పొద్దున చేతిలోంచి చెంచా జారిపడితే వంగి తీసింది. తీసి, కడిగి, గూట్లో పెట్టాక తెలిసింది, తను మూలగలేదని.

వారం తిరక్కుండానే మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నర్సు పిల్ల చెప్పింది, పెద్ద డాక్టరుగారికి రెండేళ్లుగా మోకాలు వాచి గడప దాటడం లేదని, ఇంజెక్షనంటే ససేమిరా అంటున్నారని. ఆమె నేరుగా వాళ్లింటికి వెళ్లింది.

తలుపు తీసిన డాక్టరుగారి భార్య, "రామ్మా, నీ మాటైనా వింటారేమో చూడు" అంది.

ఆయన కిటికీ పక్క కుర్చీలో, కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నారు. ఒకప్పుడు వసారా అంతా వినపడే గొంతు సన్నబడింది.

"ఊళ్లో సగం మోకాళ్లు పొడిచారు. మీ మోకాలేం పాపం చేసింది సార్?"

"పొడిచినవాడికే భయమమ్మా. సూది ఎంత పొడవో నాకు తెలుసు" అన్నారాయన. గొంతు తగ్గించి అడిగారు. "నువ్వు చేయించుకున్నావటగా? నిజం చెప్పు. చీమేనా?"

"కాదు సార్" అందామె. "ముందు మంట, తర్వాత లోపల గట్టిగా నొక్కినట్టుంటుంది. కాలంతా పాకుతుంది. పాతిక లెక్కపెట్టేలోపు తగ్గుతుంది. అది నడుము సంగతి. మోకాలి సంగతి నాకు తెలియదు. తెలియనిది ఇక చెప్పను."

ఆయన స్టూలు మీది కాలు మెల్లగా దించారు. "ముప్పై ఏళ్లు నా పక్కనే నిలబడి ఈ మాట ఒక్కసారీ చెప్పలేదేం?"

"నాకు తెలిస్తే కదా సార్. మీరూ అడగలేదు."

"అవును, అడగలేదు" అన్నారాయన. "వేలకు వేలమందిని పంపించేశాను గానీ, ఎలా ఉందయ్యా అని ఒక్కణ్ణీ అడగలేదు." తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచే ప్రయత్నం చేస్తూ, "బుధవారం వస్తావా నాతో?" అన్నారు.

బుధవారం ఆయన బల్ల మీద కాలు చాపి పడుకుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. చీమ మాట ఎత్తలేదు. ఆయనే పైకి లెక్కపెట్టారు. ఏడు దగ్గర ఆమె వేళ్లు నలిగాయి. పధ్నాలుగు దగ్గర వదిలారు.

"ఆ పిల్లను పిలువు" అన్నారు ఊపిరి తీసుకుని. నర్సు పిల్ల కంగారుగా దగ్గరికొచ్చింది. "వినమ్మా. మోకాలైతే చర్మం దగ్గర చురుక్కుమంటుంది. లోపల బరువుగా, నీళ్లు నిండినట్టుంటుంది. ఏడు నుంచి పధ్నాలుగు దాకా ఓర్చుకోవాలి. వచ్చినవాళ్లకు ఇలాగే చెప్పు." ఆ పిల్ల తలూపింది.

పదిరోజులకు ఆయన కర్ర సాయంతో ఆసుపత్రి వెనక పాత భాగందాకా నడిచారు. ఆమె పక్కనే ఉంది. వాళ్ల గది ఇప్పుడు పాత ఫైళ్ల కొట్టు. పరదా కడ్డీ మాత్రం గోడకు అలాగే ఉంది. స్టవ్వు పెట్టే గూట్లో నల్లటి మసి మరక కూడా పోలేదు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, బల్ల ఎటువైపు ఉండేదో కాసేపు వాదించుకున్నారు. కిటికీ వైపని ఆమె, కాదు గోడ వైపని ఆయన.

"కిటికీ వైపే సార్. మధ్యాహ్నం ఎండ పడుతోందని మీరే కదా, నన్ను అడ్డంగా నిలబడమనేవారు!"

ఆయన కర్రను గోడకు ఆనించి, ఆ కిటికీ కేసి చూశారు. ఇప్పుడూ అక్కడ ఎండ పడుతోంది.