పిచ్చి కాదు, చెవి

నేను జఫర్‌గఢ్‌లో పశువుల డాక్టరుగా చేసిన రోజుల సంగతి. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఓ పొద్దున దవాఖాన ముందు ఆటో ఆగింది. దగ్గరి తండా నుంచి ఒక ముసలమ్మ దిగింది. ఆమె చేతుల్లో గోనెసంచిలో చుట్టిన ఎర్రకుక్క. దాని మెడ ఎడమకు వాలిపోయింది. వెనకే బండి మీద ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో కర్ర.

"సారూ, నా కుక్కకు పిచ్చి లేసిందని సంపుతమంటున్నరు. జర సూడు బిడ్డా."

"సూసేదేముంది సారూ," అన్నాడు కర్ర పట్టుకున్నవాడు. "నిన్నటి సంది గిర్రున తిరుగుతున్నది, పడుతున్నది. పక్క మండలం సారు గూడ పిచ్చే అన్నడు."

"ఆ సారు ముట్టి సూసిండా?"

"లేదు, కిటికీలకెంచే సూసిండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కర్ర పట్టుకున్నవాడి భయం నాకు అర్థమవుతుంది, అతని ఇంట్లో పసిపిల్లలున్నారు. కానీ చదువుకున్నవాడు, చేతికి తొడుగులున్నవాడు, కుర్చీలోంచి లేవకుండానే చావు రాసేయడమేమిటి?

తొడుగులు వేసుకుని మెల్లగా కూర్చున్నాను. కుక్క ఎవరినీ కరవలేదు. నీళ్లు పెడితే తాగింది. ముసలమ్మ పిలిస్తే తోక కదిలింది. కళ్లు మాత్రం ఒక పక్కకు ఊగిపోతున్నాయి. పాదాన్ని వెనక్కి మడిచి నేల మీద పెడితే వెంటనే సరిచేసుకుంది. మెదడులో పెద్ద దెబ్బేమీ లేదనిపించింది. ఎడమ చెవి మడత ఎత్తగానే చీము కంపు గుప్పుమంది. పోయిన ఏడాది తండాలో నేనే వేసిన పిచ్చికుక్క టీకా చీటీ ముసలమ్మ కొంగున కట్టుకుని తెచ్చింది.

"అవ్వా, మనిషికైనా కుక్కకైనా తూలకుండ నిలబెట్టేది చెవి లోపలుంటది. ఆ చెవికే చీము పట్టింది. గందుకే తిరుగుతున్నది."

"గట్లయితే పిచ్చి కాదా?" కర్ర పట్టుకున్నవాడు ఇంకా నమ్మలేదు.

"కాదనే అనుకుంటున్న. అయినా పది రోజులు ఈడనే కట్టేసి ఉంచుత. నేను తప్ప ఎవ్వరు దగ్గరికి రావద్దు."

చెవి కడిగాను, సూదులు వేశాను, మందులు మింగించాను. నాలుగో రోజుకు కళ్లు ఊగడం తగ్గింది. వారానికి గోడ ఆసరాతో నడిచింది. పదో రోజు ముసలమ్మ వెంట తనంతట తానే ఆటో ఎక్కింది. మెడ కొంచెం వంకరగానే మిగిలిపోయింది, అంతే.

ఆ సాయంత్రం పక్క మండలం డాక్టరుకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"ఊరకుక్క కోసం ఇంత లొల్లా?" అని నవ్వాడు.

ఏదో కటువుగా అని పెట్టేశాను. ఏమన్నానో గుర్తు లేదు. గుర్తుండిపోయింది, ఆటో కదిలే ముందు ముసలమ్మ అన్న మాట.

"మా చెల్లె కుక్కకు గూడ గిట్లనే మెడ వాలింది సారూ, పోయిన ఎండకాలం. ఆ పక్క మండలం సారు మాట ఇని కొట్టి సంపిన్రు. దానిది గూడ చెవేనా?"

చూడని కుక్క గురించి ఏమని చెప్పను? తెలియదన్నాను. ఎవరూ చెయ్యి వేసి చూడలేదు కాబట్టి, అది ఇక ఎవరికీ తెలియదు.