అస్కాల కాఫీ మానిన నలభై రోజులు

అస్కాల కాఫీ మానేసిందంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. మా బోంగా ఊళ్లో కాఫీ మానడమంటే మనుషుల్ని మానడమే. రోజూ మూడు పూటలా ఎవరో ఒకరి ఇంట్లో గింజలు వేగుతాయి. ఆ పొగ వాసన పట్టుకుని మిగతా ఆడవాళ్లం వెళ్లి కూర్చుంటాం. మొదటి వాయి అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన. అది తాగకుండా లేచిపోయిన మనిషి ఆ ఇంటి మంచిని కాలదన్నినట్టే లెక్క.

అస్కాల మా పక్కింటి మనిషి, నాకంటే ఆరేళ్లు చిన్నది. పండగ బట్టల అంచులకు పూలు, గుండెల మీద సిలువలు కుట్టేది. ఆమె కుట్టిన సిలువ వెనక వైపు చూసినా ఒక్క ముడి కనపడేది కాదు. మొగుడు తదేవోస్ అడవిలో చెట్ల మీద తేనెటీగలకు బుట్టలు కట్టేవాడు. వెళ్తే పది రోజులకు గానీ రాడు. పిల్లలు లేరు. అందుకని కాఫీ చుట్టూ చేరిన మేమే ఆమెకు సంసారం.

అందరం మూడేసి గిన్నెలు తాగితే తను అయిదు తాగేది. ఇంటికి పోయి కుట్టుపని ముందు మళ్లీ కాచుకునేది. "నిద్ర దండగ అక్కా. పడుకుంటే ఈ అంచులు నువ్వొచ్చి కుడతావా?" అనేది నాతో. పొద్దున నవ్వి నవ్వించేది. మధ్యాహ్నానికి చిన్న మాటకే కయ్యిమనేది. సాయంత్రానికి వాడిపోయి గోడకు ఆనుకునేది. మళ్లీ గిన్నె చేతికొస్తే లేచి కూర్చునేది. అది ఆమె స్వభావమే అనుకున్నాం. కాఫీకీ దానికీ సంబంధం ఉందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా ఆమె చెల్లెలు యెషిమేబెత్ కాన్పులో పోయింది. పుట్టిన ఆడపిల్ల దక్కింది. చావింట పన్నెండు రోజులు వచ్చిన వాళ్లకల్లా అస్కాలే కాఫీ కాచింది. ప్రతి వాయిలోనూ తనూ తాగింది. తిండి మాత్రం ముట్టలేదు. "తినవే" అంటే "గొంతు దిగట్లేదక్కా, ఇదొక్కటే దిగుతోంది" అని గిన్నె చూపించింది.

అది జరిగిన వారానికి మా ఇంట్లో రెండో వాయి తాగుతుండగా గిన్నె కింద పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. మొహమంతా చెమట.

"అక్కా, నేను పోతున్నా."

"ఎక్కడికే?"

"చచ్చిపోతున్నా అక్కా. గుండె బయటికి దూకేస్తోంది. నన్ను పట్టుకో."

పట్టుకున్నాను. ఒళ్లంతా వణికిపోతోంది. కాసేపటికి తగ్గింది, కానీ మూడు రోజులకు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం రోజూ. చేతులు నిలవక సూది వేలికి దిగేది, తెల్లబట్ట మీద నెత్తురు చుక్కలు పడేవి. బట్టలిచ్చిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఏదో సాకు చెప్పి, పట్టుకుపోయారు.

మా వీధి చివర దింకె అని ఒక ముసలావిడ ఉంది. ఆత్మలతో మాట్లాడుతుందని పేరు. అస్కాలను చూసి, "నీ చెల్లెల్ని పట్టిన ఆత్మ ఇప్పుడు నీ మీదికొచ్చింది. దానికి కాఫీ అంటే ప్రాణం. పూటపూటా కడుపు నిండా పోస్తే నిన్ను వదిలేస్తుంది" అంది.

నాకు నమ్మకం కుదరక ఆమెను వైద్యశాలకు తీసుకెళ్లాను. అక్కడ ఎల్సాబెత్ అనే నర్సు నాడి చూసి అడిగింది.

"రోజుకెన్ని గిన్నెలు తాగుతావు?"

అస్కాల నా వైపు చూసింది. "అవన్నీ ఎవరు లెక్కపెడతారమ్మా" అన్నాను నేను. నర్సు వదల్లేదు, పూటపూటకూ అడిగి లెక్క కట్టింది. పదిహేను పైనే తేలాయి.

"నిప్పు పెట్టింది కాఫీ కాదు తల్లీ. నీకు దిగులుంది, తిండి లేదు, నిద్ర లేదు. కాఫీ ఆ నిప్పును ఎగదోస్తోంది. గుండె దడదడలాడటం, చేతులు వణకటం, చచ్చిపోతానేమో అన్న భయం, అన్నీ దాంతో పెరుగుతాయి. రోజుకో గిన్నె చొప్పున తగ్గించుకుంటూ రా. ఒక్కసారిగా మాత్రం మానకు, తట్టుకోలేవు."

దారిలో అస్కాల అంది, "తగ్గించడం నావల్ల కాదక్కా. గిన్నె ముందుంటే నా చెయ్యి నా మాట వినదు. మానితే పూర్తిగా మానెయ్యాలి."

అలాగే చేసింది. రెండో రోజుకు తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కిటికీలు మూసుకుని పడుకుంది. తాగిన నీళ్లు కూడా కక్కేసింది. నేను బార్లీ జావ కాచి పట్టుకెళ్లేదాన్ని. అయిదో రోజుకు తలనొప్పి తగ్గింది గానీ మనిషి మరీ దిగజారిపోయింది. "లేవాలని లేదక్కా. ఎందుకు లేవాలో గుర్తు రావట్లేదు" అంటూ గోడ వైపు తిరిగింది.

పదో రోజున నిద్ర పట్టింది. మధ్యాహ్నం పడుకుని మర్నాడు పొద్దెక్కాక లేచింది. అప్పుడే అడవి నుంచి వచ్చిన తదేవోస్, తన పెళ్లాం అంత గాఢంగా పడుకోవడం ఎన్నడూ ఎరగడు. కంగారు పడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "బతికే ఉన్నాన్లే, జావ తాగి ఫో" అందిట. అది నాకు చెప్పి ఇద్దరూ నవ్వారు.

ఆ తర్వాత మూడు వారాలు భయం ఆమె దరికి రాలేదు. చేతులు కుదురుకున్నాయి. చెల్లెలి బిడ్డకు పుట్టిన ఎనభయ్యో రోజున బాప్తిస్మం. అందుకని ఆ బిడ్డకు తెల్లగౌను కుట్టడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పి చూశాను. ఒక్క ముడి లేదు.

కానీ ఒంటరిదైపోయింది. ఒకసారి మా మధ్యకు వచ్చి తేనెనీళ్ల గ్లాసుతో కూర్చుంది. "ఏంటి, మా గిన్నెలు లెక్కపెట్టి నర్సమ్మకి చెప్తావా?" అని ఒకామె అంది. అందరం నవ్వాం. అస్కాల కూడా నవ్వింది, మూడో వాయికి ముందే లేచి వెళ్లింది. "పొగ కూడా పడట్లేదు కాబోలు మహారాణికి" అని వెనక నుంచి మరొకరు అన్నారు. ఆమె మళ్లీ రాలేదు. మా ఇంట్లో గింజలు వేగినప్పుడల్లా పక్కింట్లో కిటికీ మూసిన చప్పుడు నాకు వినపడేది. అయినా వేయించడం మానలేదు.

బాప్తిస్మం నాటికి ఆమె కాఫీ మాని సరిగ్గా నలభై రోజులు. బిడ్డ తండ్రి ఇంట్లో పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి కాఫీ కాచారు. బిడ్డ కొత్త గౌనులో అస్కాల ఒళ్లో ఉంది. మూడో వాయి వచ్చింది. అందరూ తాగారు. అస్కాల ముందు గిన్నె అలాగే ఉంది.

దింకె అందుకుంది. "తల్లి లేని పిల్ల. పెద్దమ్మ కూడా దీవెన తాగకపోతే ఇంక దానికెవరున్నారు?"

అస్కాల కాక, నర్సు చెప్పింది చెవులారా విన్నదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. ఆ నేనే గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఒక్కటేనే. పిల్ల కోసం. ఒక్క గిన్నె ఏం చేస్తుంది?"

ఆమె నా మొహం చూసింది. "నువ్వు చెప్తే తాగుతానక్కా" అని తాగేసింది.

మేమంతా సంతోషంతో కేరింతలు కొట్టాం. కాసేపట్లో పాత అస్కాల తిరిగొచ్చింది. బాప్తిస్మమిచ్చిన పూజారి నడకను అనుకరించి మా పొట్టలు చెక్కలు చేసింది. అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆమె లేక నాకూ తోచలేదు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ, నర్సులకేం తెలుసు అనుకున్నాను.

ఒకటి మూడైంది, వారం తిరక్కుండా పది దాటింది. భయం నాలుగో రోజునే వచ్చింది. ఈసారి మునుపటికంటే గట్టిగా. వైద్యశాలకు పోదాం రమ్మంటే "ఏ మొహం పెట్టుకుని పోను?" అంది. ఇంతలో ఎల్సాబెత్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. అస్కాల దింకె గుమ్మం తొక్కింది. అక్కడ పూటకు మూడు వాయిలు ఆత్మ పేర కాచి అస్కాల చేత తాగించేవారు. "తాగేది నేను కాదక్కా, అది" అని చెప్పేది. కళ్లు లోతుకు పోయాయి. ఆరు రోజులు రెప్ప మూయలేదు.

ఏడో రోజు పట్టపగలు బిడ్డ తండ్రి ఇంటికి పరుగెత్తింది. బిడ్డ ఊపిరి ఆగిపోతోందనీ, అది తనకొక్కదానికే వినపడుతోందనీ అరుస్తూ ఉయ్యాల్లోంచి లాక్కుంది. నలుగురు పట్టుకుని విడిపించాల్సి వచ్చింది. బిడ్డకేమీ కాలేదు. కానీ ఆ ఇంటి తలుపు ఆమెకు మళ్లీ తెరుచుకోలేదు.

తదేవోస్ ఆమెను జిమ్మా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు నెలల తర్వాత వెనక్కి తెచ్చాడు. అక్కడి డాక్టరు అస్కాల తల్లి గురించి కూడా అడిగాడట. వాళ్లమ్మ చివరి రోజుల్లో ఇలాగే అయిందని మాకందరికీ తెలుసు.

"జబ్బు ఎక్కడో కాచుకునే ఉందంట వదినా. చెల్లెలు పోయిన దిగులు, నిద్ర లేకపోవడం, కాఫీ, ఇందులో ఏది ఎంత చేసిందో ఎవరూ చెప్పలేరంట" అన్నాడు తదేవోస్, నేల చూస్తూ. బాప్తిస్మం రోజున గిన్నె ఎవరు అందించారో అతనికి తెలుసు. దాని గురించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇది జరిగి రెండేళ్లయింది. అస్కాల మాత్రలు మింగుతుంది, పడుకుంటుంది, లేచి ఎండలో కూర్చుంటుంది. ఒళ్లు బరువెక్కింది. చేతులు ఇప్పుడు మాత్రల వల్ల వణుకుతాయి. సూదులపెట్టె తదేవోస్ ఎవరికో ఇచ్చేశాడు. అడవికి పోవడం కూడా మానేశాడు. చెల్లెలి బిడ్డ మా వీధిలో నడుస్తోంది, అస్కాల గుమ్మం ముందుకొచ్చేసరికి దాని చెయ్యి పట్టుకున్నవాళ్లు అడుగు పెద్దది చేస్తారు.

నేనూ కాఫీ మానేద్దామని చూశాను. మూడు రోజులు ఆగగలిగాను. తలనొప్పి ఓర్చుకున్నాను గానీ, ఎవరూ లేని ఆ మధ్యాహ్నాలు నావల్ల కాలేదు. నాలుగో రోజు మళ్లీ అందరి మధ్యా కూర్చున్నాను. ఆమె మాత్రం నలభై రోజులు ఒంటరిగా కూర్చుంది.

మొన్న వెళ్లి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"నన్ను క్షమించవే" అన్నాను.

"దేనికక్కా?"

చెప్పాను. గిన్నె, బాప్తిస్మం, నర్సు మాట, నేను అన్న మాట, ఏదీ దాచలేదు. ఆమె చివరిదాకా విన్నది.

"వాన వచ్చేలా ఉంది. బట్టలు తీసెయ్యి" అంది.

ఎండ కాస్తోంది. దండెం మీద బట్టలేమీ లేవు. సరేనని లేచి, తీసినట్టు దండెం దాకా వెళ్లి వచ్చాను.