నూట పన్నెండో పేజీ

పేజీలక్క అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. సిటీ బస్సుల్లో కండక్టర్లు మెడలో వేసుకునే టికెట్ మెషీన్లు తయారుచేసే ఆఫీసు అది. ఆ మెషీన్‌కు ఏ ఆదేశం ఇస్తే ఏం చేస్తుందో విడమరిచి చెప్పే మాన్యువల్ ఆవిడ రాసిందే. మూడొందల నలభై పేజీలు, పందొమ్మిదేళ్ల చాకిరీ! ఏం లాభం? అడవి కాచిన వెన్నెల.

ఎందుకంటే ప్రోగ్రామర్లు మాన్యువల్ తెరవరు. కుర్చీ జరుపుకుని ఆవిడ బల్ల దగ్గరికే వస్తారు.

"అక్కా, కాగితం రోల్ మార్చాక ఎన్ని సెకన్లు ఆగాలి?"

"మూడు. నలభై ఒకటో పేజీలో ఉంది, చూసుకోవచ్చుగా!"

"మీరుండగా పేజీలెందుకక్కా?"

ఆ మాటకు మురిసిపోవాలో ఏడవాలో ఆవిడకు తెలిసేది కాదు. ఇంట్లో అత్తగారిదీ రోజూ అదే పాట. చెప్పులు విడవకముందే, "ఇవాళైనా ఎవరన్నా చదివారుటే?" అని అడిగేది. కోడలు తల అడ్డంగా ఊపేది. అత్తగారు నిట్టూర్చి మంచినీళ్లు అందించేది.

ఈ ఏడాది ప్రోగ్రాములు రాసే పని సగం ఏఐ ఏజెంటుకు అప్పగించారు. అది రాస్తుంటే మేనేజరుగారికి కడుపు నిండిపోయింది. మాన్యువల్‌ను ఎన్నిసార్లు తెరిచారో లెక్క తీయించి, సోమవారం పేజీలక్కను పిలిచాడు.

"ఏడాదిలో నాలుగుసార్లు తెరిచారమ్మా. అందులో మూడుసార్లు మీరే. శుక్రవారంతో ఈ విభాగం మూసేద్దాం. మీకు గేటు దగ్గర విజిటర్ల రిజిస్టరు ఇస్తాను, హాయిగా ఉంటుంది."

హాయిట, హాయి! పందొమ్మిదేళ్లు రాసిన చేత్తో వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకోవడం హాయా? ఆవిడ బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుని, మళ్లీ వచ్చి కూర్చుంది.

మంగళవారం అసలు గొడవ మొదలైంది. ఏజెంటు రాసిన ప్రోగ్రామును నలభై బస్సుల్లో పెట్టి చూశారు. రోల్ మార్చిన ప్రతిసారీ ఒకే టికెట్ రెండుసార్లు వచ్చింది. రెండో టికెట్ ఎవరిదని ప్రయాణికులు కండక్టర్ల మీద పడ్డారు. పాపం, ఏజెంటును అని ఏం లాభం? లోకంలోని మెషీన్లన్నిటి గురించీ అది ఎక్కడో చదివింది, ఈ ఒక్క మెషీన్ గురించి తప్ప. తెలియని చోట తెలిసినట్టే రాసేసింది. లేచొచ్చి "అక్కా, ఎన్ని సెకన్లు?" అని అడగడానికి దానికి కాళ్లా, కుర్చీయా?

ఆ సంగతి మొదట తట్టింది కళ్లజోడమ్మాయికి. ప్రోగ్రామర్లలో కాస్త నెమ్మదస్తురాలు.

"అక్కా, ఒక టూల్ ఉంది. ఏ వెర్షన్ మాన్యువల్ కావాలో చెప్తే, ఆ పేజీలు తెచ్చి ప్రోగ్రాము పక్కనే పెట్టేస్తుంది. ఏజెంటు ముందు అవి చదివి, తర్వాతే రాస్తుంది. చంకన పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం మనం. మీ పేజీలు ఇస్తారా?"

"ఇవ్వకేం! దేని మీద ఏ వెర్షనో రాసే ఉంచాను."

రెండు రోజులు ఇద్దరూ కూర్చుని పేజీలను విడదీశారు, విషయసూచిక కట్టారు. గురువారం మధ్యాహ్నం కళ్లజోడమ్మాయి టూల్‌కు ఆదేశమిచ్చింది. మాన్యువల్ వెళ్లి ఏజెంటు పక్కన కూర్చుంది. మేనేజరుగారు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఏజెంటు పని మొదలుపెట్టి, కాసేపటికి ఆగిపోయింది. తెరమీద నాలుగు వరుసలు వచ్చాయి.

"రోల్ మార్చాక మూడు సెకన్లు ఆగమని నలభై ఒకటో పేజీ చెబుతోంది. వెంటనే ప్రింట్ చేయవచ్చని నూట పన్నెండో పేజీ చెబుతోంది. రెండూ ఒకే వెర్షన్‌వి. ఏది సరైనదో తెలియకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదు. దయచేసి చెప్పండి."

పేజీలక్క మొహం జేవురించింది. పదకొండేళ్ల క్రితం మెషీన్ మారినప్పుడు నలభై ఒకటి దిద్దింది, నూట పన్నెండు మరిచిపోయింది.

"మీ మాన్యువల్‌లో తప్పా? పదకొండేళ్లుగానా?" అన్నాడు మేనేజరు.

ఆవిడ తెరవంక మరోసారి చూసింది. ఏజెంటు నలభై ఒకటీ చదివింది, నూట పన్నెండూ చదివింది, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది! ఆవిడకు నవ్వొచ్చేసింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తప్పేనండీ, నాదే. చదివినవాళ్లుంటే ఎప్పుడో చెప్పేవాళ్లు. మూడు సెకన్లే సరైనది. మెషీన్ ముందు నిలబడి, వాచీ పెట్టుకుని చూశాను."

కళ్లజోడమ్మాయి ఆ జవాబు కొట్టింది, ఏజెంటు ప్రోగ్రాము దిద్దింది. దాన్ని పరీక్షకు తెచ్చిన మెషీన్‌లో పెట్టి రోల్ మార్చారు. ఒక్కటే టికెట్ వచ్చింది. మళ్లీ మార్చారు, మళ్లీ ఒక్కటే.

మేనేజరు ఆ టికెట్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకా ఇలాంటివి అడిగితే ఎవరు చెప్తారు?"

"ఆవిడే చెప్తారు. గేటు దగ్గర కూర్చోబెడితే ఎలా సార్?" అంది కళ్లజోడమ్మాయి.

"గేటుకు ఇంకెవరినైనా చూద్దాంలే" అని గొణుగుతూ ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గుమ్మంలో అత్తగారు మామూలుగానే అడిగింది.

"ఇవాళైనా ఎవరన్నా చదివారుటే?"

"చదివింది అత్తయ్యా! మొదటినుంచి చివరిదాకా చదివి, నా తప్పు కూడా పట్టుకుంది."

అత్తగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తప్పు పట్టుకుందా? అయితే నిజంగానే చదివిందే తల్లీ!"