ఎర్త్ గుంటలో నీళ్లు

జగ్గయ్యపేటలో ఇల్లు కట్టించేవాళ్లు తాపీమేస్త్రీని మార్చినా కరెంటు పనికి మాత్రం అబ్బాస్‌నే పిలుస్తారు. నందిగామలో వెంకటకృష్ణారావు అనే వైరింగ్ కాంట్రాక్టరు దగ్గర పైపుల కోసం గోడలు చెక్కడంతో మొదలైన బతుకు అతనిది. స్లాబు పోసే ముందు ఇనుప చువ్వల మధ్య పైపులు పరవడం, పూత పూశాక కూడా వైరు ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తుంచుకోవడం అక్కడే నేర్చాడు. "మన పనంతా గోడల్లోకి పోద్దిరా, చూసేవాడుండడు" అనేవాడు గురువు. గర్వంగా అనేవాడు. అబ్బాస్ కూడా చాలా ఏళ్లు గర్వంగానే తలుచుకున్నాడు.

ఇల్లు అప్పగించేటప్పుడు ప్రతి ఇల్లాలికీ అతను ఒక మాట చెబుతాడు. పెరట్లో ఎర్త్ గుంట మూత తీసి రోజూ ఓ బిందెడు నీళ్లు పోయండమ్మా, అని. బొగ్గూ ఉప్పూ నింపిన ఆ గుంటలో లోతుగా దిగిన పైపు ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎక్కడైనా కరెంటు లీకైతే తడిసిన నేలలోకి లాగేసేది అదే. అది పనిచేయకపోతే కరెంటు మనిషి ఒంట్లోంచి దారి చూసుకుంటుంది.

కిరాణా హోల్‌సేలు వ్యాపారుల ఇంటి పెద్దావిడ సత్యనారాయణమ్మకీ ఆ మాటే చెప్పాడు. కాని ఆమె పెరట్లో గుంట మోకాలి లోతు దిగగానే గడ్డపార ఖంగుమంది. కింద సున్నపురాయి. తొలిచే మిషన్ నందిగామ నుంచి రావాలి. తెల్లారితే గృహప్రవేశం. అబ్బాస్ నిలువెత్తు పైపును మూరెడుకు కోసి రాతి మీద నిలబెట్టాడు. చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి మూత పెట్టాడు. పండగ కానిచ్చి సరిచేద్దామనుకున్నాడు. మర్నాడు ఆమె అందరి ముందూ అతన్ని పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెట్టింది. తర్వాత వేరే ఇళ్ల పనులు మీద పడ్డాయి. ఆ చొక్కా ఇంకా కవరులోనే ఉంది. వేసుకోవేమని భార్య సైరా అడిగితే, బిగుతన్నాడు.

ఈ వేసవిలో సత్యనారాయణమ్మ ఫోన్ చేసింది. వాషింగ్ మిషన్ షాక్ కొడుతోందట.

"దాన్ని ముట్టుకోకండి, వస్తున్నా" అన్నాడు అబ్బాస్.

వెళ్లేసరికి ఆమె పెరట్లో ఉంది. కోడలు కృష్ణప్రియ గుమ్మంలో నిలబడి కుడిచెయ్యి పమిటలో దాచుకుంది.

"రా అబ్బాసూ. ఈవిడగారు వారం నుంచి చెయ్యి జిల్లుమంటోందంటే, బట్టలు వెయ్యడానికి బద్ధకం అనుకున్నా. ఇవాళ నాకూ కొట్టింది!" అని నవ్వింది. వెంటనే గొంతు మారింది. "తప్పు మాదేలే నాయనా. నేను తిరునాళ్లకని పెనుగంచిప్రోలు వెళ్తే, ఈ మహాతల్లి గుంటలో చుక్క నీళ్లు పోస్తే ఒట్టు."

"పోసానత్తయ్యా" అంది కృష్ణప్రియ.

"పోస్తే ఎందుకు కొడతది? నువ్వే చెప్పు అబ్బాసూ, నీళ్లు పోస్తే కొడతదా?"

అబ్బాస్ లోపలికి వెళ్లి మెయిన్ ఆపాడు. ఇల్లంతా ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. మిషన్‌లో ఏదో వైరు పాడైందనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. అంతటితో వెళ్లిపోవచ్చు. ఆ పిల్ల మాత్రం నీళ్లు పోయని కోడలిగా మిగిలిపోతుంది.

బయటికొచ్చేసరికి సత్యనారాయణమ్మ చంకన బిందెతో గుంట దగ్గరికి నడుస్తోంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలం.

"పొయ్యొద్దమ్మగారూ."

ఆమె ఆగింది. అబ్బాస్ మూత తీశాడు. బొగ్గు తడిగా ఉంది. కట్టిన వైరు విప్పి, ఒంటిచేత్తో ముల్లంగి పీకినట్టు పైపు లాగాడు. వచ్చేసింది.

ఆమె పైపునూ గుంటనూ మార్చి మార్చి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. కింద రాయి తగిలింది. నేనే కోసా."

"మరి మేం పోసిన నీళ్లు?"

"అమ్మాయిగారు పోసారు. మీరూ పోసారు. లోపం నా పనిలోనేనమ్మా."

సత్యనారాయణమ్మ బిందె కింద పెట్టింది. తిడుతుందని అతను తలవంచుకున్నాడు. తిడితే బాగుండును. ఆమె కోడలి వైపు తిరిగి, "ఏదీ, ఆ చెయ్యి ఇటు తే" అంది. అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు రుద్దింది.

అబ్బాస్ నందిగామ మిషన్‌వాడికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి వస్తానన్నాడు.

"అందాకా మెయిన్ వెయ్యకండమ్మా" అన్నాడు అబ్బాస్.

"ఫ్యాన్లు లేకుండానా? ఈ ఎండల్లో?"

"అవునండి."

ఆమె విసనకర్ర కోసం లోపలికెళ్లింది. కాసేపటికి కృష్ణప్రియ మజ్జిగ తెచ్చి అతని పక్కన గట్టు మీద పెట్టింది. అత్తాకోడళ్లు గుమ్మంలో కూర్చుని ఒకే విసనకర్రతో విసురుకుంటున్నారు. గ్లాసు అందుకోవాలంటే చేతిలోది దించాలి. ఆ పైపు ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.