మీ ఇంట్లో పెళ్లే అనుకోండి

నిన్న పామర్రులో ఒక గృహప్రవేశానికి వంటలు మాట్లాడుకోవడానికి వెళ్లాను. ఆ ఇంటి అమ్మాయి కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, "కూర్చోండి మావయ్యగారూ, ముందు కాఫీ తాగండి" అంది. నేను నిలబడే ఉన్నాను. ఎన్ని పూటలు, ఏ పూటకు ఎంతమంది, పొయ్యి ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆర్పాలి, ఆర్పాక ఇంకో పూట కావాలంటే ఏం చేయాలి, ఇవన్నీ తేలాకే కూర్చుంటానన్నాను. ఆ అమ్మాయి నవ్వేసింది. "అప్పు వసూలుకొచ్చిన వాళ్లు కూడా ఇంత బిగుసుకుని నిలబడరండీ!" బిగుసుకోవడం మా వంశంలోనే ఉంది, దానికి నేనేమీ చేయలేను. అలా నిలబడి మాట్లాడడం మాత్రం ఘంటసాల దగ్గర ఒక పెళ్లిలో నేర్చుకున్నాను.

మాకు గుడివాడలో బియ్యం మిల్లు, ఘంటసాల వైపు పొలాలు ఉండేవి. ఎలా పోయాయో చెప్పాలంటే మా పెద్దలందరి మీదా తలా ఒక నేరం మోపాలి. అది నాకు ఇష్టం లేదు. నా వంతుకు మిగిలినవి ఇద్దరు కలిసి ఎత్తాల్సిన ఇత్తడి గుండిగలు. అటక మీద వాటిని చూసి, వంటల కాంట్రాక్టు చేస్తే బాగుంటుందన్నది మా ఆవిడే. నాకు టీ పెట్టడం కూడా రాదు. అయినా ఒక మంచి వంటమేస్త్రిని, నలుగురు మనుషులను కుదుర్చుకుని బందరులో పని మొదలుపెట్టాను. కాంట్రాక్టు అన్న మాట పలకడానికి నోరు రాక, ఎవరైనా అడిగితే "పెళ్లిళ్లు జరిపిస్తుంటాను" అనేవాణ్ని. "పౌరోహిత్యం ఎప్పుడు నేర్చుకున్నారు బావగారూ?" అని మా బావమరిది అమాయకంగా అడిగేవాడు.

ఆ రోజుల్లో ఘంటసాల పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన కుటుంబం. ఇప్పుడు ఆ పొలం ఆయనదే. కూతురి పెళ్లికి వంటలు నేనే చేయించాలట. ఎన్ని పూటలో అడుగుదామని గొంతు సవరించుకున్నాను. "మన మధ్య షరతులేంటి చిన్నబాబుగారూ? మీ ఇంట్లో పెళ్లే అనుకోండి" అన్నారాయన. చిన్నబాబుగారు అన్న పిలుపు విని ఎన్నాళ్లయిందో! ఇక నేనేమీ అడగలేదు. మా ఇంట్లో పెళ్లయితే పూటలు లెక్కపెట్టేది ఎవరు?

గురువారం పగలు పెళ్లి. ఆ సాయంత్రానికి పని అయిపోతుందని నేను అనుకున్నాను. అనుకున్నానే గాని ఆయనతో అనలేదు. శనివారం బందరులో ఒక రిటైరైన నర్సమ్మగారి కూతురికి చర్చిలో పెళ్లి, మధ్యాహ్నం విందు మాది. అన్నీ ముందే అడిగి తేల్చుకున్న మనిషి ఆవిడ. నా మాట మీద నమ్మకం లేదా అని అప్పట్లో నాకు కోపం కూడా వచ్చింది.

పెళ్లి భోజనాలయ్యాక, రాత్రికి విడిదిలో వాళ్లకు వండమన్నారు. మర్నాడు వ్రతమన్నారు. ఆ మధ్యాహ్నమే మళ్లీ వచ్చి, శనివారం పొద్దున వియ్యాలవారికి టిఫిన్లు పెట్టి, పప్పన్నం తినిపించి పంపాలన్నారు. నేను నోరు తెరిచినప్పుడల్లా పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఇంకో చుట్టం దగ్గరికి తీసుకెళ్లేవారు. "వీరి తాతగారి చేలోనే మా నాన్న నాగలి పట్టింది. మా అమ్మాయి పెళ్లికి స్వయంగా వచ్చి కూర్చున్నారు." నాకు పట్టుపంచె పెట్టారు. పెళ్లికొడుకు తండ్రి పక్కన కుర్చీ వేశారు. ఆ కుర్చీలోంచి లేచి, అయ్యా మా పని అయిపోయింది, గుండిగలు తోమించుకుంటాం అని ఎలా అనడం? పందిరి వెనక గాడిపొయ్యి ముందు మా మేస్త్రి చెమటలు కక్కుతూ నావైపే చూస్తున్నాడు. "బాబుగారూ, ఈ పెళ్లికూతురి బిడ్డకి బారసాల కూడా వండేసి వెళ్దామంటారా?" అన్నాడు. ఉండవయ్యా చెబుతాను అన్నాను. అప్పటికి అదే మాట ఎన్నోసారో వాడికే తెలియాలి.

శుక్రవారం సాయంత్రం నర్సమ్మగారు ఫోన్ చేశారు. "రేపు వస్తున్నారు కదండీ? మీ మాట మీద ఇంకెవర్నీ అడగలేదు. పన్నెండింటికి పాస్టరుగారు ప్రార్థన ముగించేస్తారు. నా బిడ్డ పెళ్లికి వచ్చినవాళ్లు పస్తులతో పోకూడదండీ." ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ పూట నేను కదలకపోతే తెల్లారి ఆవిడ వాకిట్లో పొయ్యి వెలగదు.

అప్పుడే పెద్దాయన నన్ను భోజనానికి పిలిచి, పంక్తి మొదట్లో కూర్చోబెట్టి, తానే విస్తరి వేశారు. పంక్తిలో కూర్చున్నవాడు అందరూ ముగించేదాకా లేవకూడదు. నేను వడ్డన మొదలుకాకముందే లేచాను. పంక్తంతా తలలెత్తి చూసింది.

"నేను చుట్టాన్ని కాదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వంటకు కుదిరినవాణ్ని. నా పని నిన్నటితో అయింది. రేపు బందరులో వండాలి, ఇప్పుడే బయల్దేరాలి."

పోట్లాడతారనుకున్నాను. ఆయన పోట్లాడలేదు. చేతిలో విస్తళ్ల కట్టతో అలాగే నిలబడిపోయారు. "అదేంటి చిన్నబాబుగారూ, అంత మాట అనేశారు? మా వియ్యాలవారి ముందు మీరు మా వంటాయనా?" అని మెల్లగా అన్నారు. నన్ను ఉచితంగా వాడుకుంటున్నారని రెండు రోజులుగా కుతకుతలాడాను. ఆయన మాత్రం నన్ను నిజంగానే చుట్టంగా కూర్చోబెట్టుకున్నారు. తన జీవితంలో పెద్ద వేడుక నాడు మా తాతగారి మనవడు తన పంక్తిలో భోంచేయాలి. ఆయన కోరుకున్నది ఆ ఒక్కటే. పూటలు నేను లెక్కపెట్టుకున్నాను గాని ఆయన కాదు.

ఆయనే తేరుకుని తమ్ముణ్ని కేకేశారు. "ఒరేయ్, కాంట్రాక్టరు గారికి ట్రాక్టరు మాట్లాడిపెట్టు. రేపటి వంటకి ఊళ్లోవాళ్లని చూడు." కాంట్రాక్టరు గారు! నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆయనే.

బందరులో విందు బాగా జరిగింది. నర్సమ్మగారు మా మేస్త్రి చేతులు పట్టుకుని దీవించారు. ఘంటసాల వైపు నుంచి మళ్లీ నాకు పిలుపు రాలేదు. ఆ దారిన వెళ్లినప్పుడు పెద్దాయన కనిపిస్తే నమస్కారం పెడతారు, నేనూ పెడతాను, ఇద్దరం ఆగం. మా తాతగారి రోజులు మిల్లుతో పాటే అయిపోయాయని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. నిజానికి అవి ఆ ఒక్క ఇంట్లో ఇంకా నడుస్తుండేవి, వాటిని ముగించింది నేనే.