క్లబ్బు పచ్చికలో రెండెకరాలు

తోటమాలి ఆ పని కావాలనే చేశాడా, మనసుకు చెప్పకుండా చెయ్యే చేసుకుపోయిందా? అడిగినవాళ్ళకల్లా నవ్వే సమాధానం. ఆ నవ్వు ఏ వైపు మొగ్గుతుందో ఇన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

ఆ క్లబ్బు ఆవరణలో రెండెకరాలు ఒకప్పుడు అతని తాత పొలం. తెల్లదొరలకు టెన్నిసు ఆడాలని బుద్ధి పుట్టింది. పండే నేలను గుమాస్తా చేత బంజరని రాయించారు. దొరలు ఓడెక్కి పోయారు. గుమాస్తా మనవడు క్లబ్బుకు సెక్రటరీ అయ్యాడు. రైతు మనవడు అదే నేలకు నీళ్ళు పట్టే జీతగాడయ్యాడు. ఉండడానికి వెనకవైపు ఒంటిగది.

క్లబ్బుకు కొత్తగా మేడ వేశారు. పైకెక్కి కిందికి చూసిన సెక్రటరీ నోరెళ్ళబెట్టాడు. పచ్చికంతా పాలిపోయిన రంగు, నడుమ రెండెకరాలు మాత్రం చిలకపచ్చ, పాత గట్ల వంకరలతో సహా! ముప్ఫై ఏళ్ళుగా ఎరువూ నీళ్ళూ తాత గట్టు దాటితే ఒట్టు.

"ఏంటయ్యా ఇది, పటం గీశావా?"

"నేనెక్కడ గీశానండీ, గడ్డే గీసుకుంది."

"వెటకారమా? దానికి చుక్క నీళ్ళు పొయ్యకు. ఎండి మిగతాదాంట్లో కలిసిపోవాలి."

"మిగతాదాన్నే పచ్చగా చేస్తే పోలా?"

"ఈలోపు వచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే? మా తాత రాసింది అబద్ధమని చెప్పమంటావా? ఎండబెట్టు, లేదా గది ఖాళీ చెయ్."

తోటమాలి భార్య విని బుగ్గలు నొక్కుకుంది. "నా బీరపాదుకి చెంబెడు నీళ్ళు పొయ్యమంటే మీకు నడుంనొప్పి. పోయిన తాతకి మాత్రం ముప్ఫై ఏళ్ళు పైపులు పట్టారన్నమాట!"

"గది పోతే మా చెల్లెలి వసారా ఉందిలే."

"ఆవిడ నోటికి గడ్డేం ఖర్మ, నేనే ఎండిపోతాను. నోరు మూసుకుని చెప్పినట్టు చెయ్యండి."

చేశాడు. మూడు రోజులు ఆ వైపు చూడలేదు. నాలుగో నాడు గడ్డికొనలు పసుపు తిరిగాయి. ఆ పూట ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాడు.

"వెళ్ళండి," అంది భార్య, కంచం తీసేస్తూ. "మీ మొహం ఎండిపోతుంటే చూళ్ళేక చస్తున్నా. నేను సామాను సర్దుతా."

మిట్టమధ్యాహ్నం, సభ్యులంతా చూస్తుండగా, పైపు పట్టి రెండెకరాలూ తడిపాడు. ఒక్క మూల వదల్లేదు. నేల గుటకలు వేస్తున్నట్టే తోచింది.

"ఏమయ్యోయ్, నిన్నే!" మేడ మీంచి సెక్రటరీ కేకేశాడు.

తోటమాలి కుళాయి కట్టేశాడు. భార్య అందించిన మూట నెత్తికెత్తుకుని, ఆమెతో కలిసి గేటు దాటాడు.